మా పాఠశాల దుర్భిణి

బాలబాలికలారా! దూరముననున్న వస్తువులను దగ్గరగా చూపు సాధనమును దుర్భిణి యందురు. ఒంటి గొట్టము గల దుర్భిణిలో ఒక కంటితో మాత్రమే చూడవలెను. రెండు గొట్టములను జతపరచి, రెండు కన్నులతో ఒక్కసారి చూచుటకు వీలుగా చేసిన దానిని అంగళ్ళలో బైనాక్యులర్స్ అని పిలుతురు. ఆరుబయట పక్షులను, వన్యమృగములను, కొండలను, ఓడలను చూడగోరువారికి ఈ జంట గొట్టముల దుర్భిణియే అనుకూలమైనది. దానిని ఎన్నుకొనుట యెట్లో మీకు చెప్పదలచితిని. నేను ఈ విషయమును నేర్చుకొన్నది మొదట పొరబాటు చేసిన పిమ్మటనే. ఆ పొరబాటువలన పోయినది ధనము మాత్రమే కాదు. కావున ముందుగా ఆ కథను వినుడు.

నేను తెలుగు పండితుడను. పద్యములను పిల్లలకు బోధించుట నా వృత్తి. మన కావ్యములలో హంసకు గల గౌరవము మీరెరుగుదురు. నలదమయంతుల కథలో దూతగా వెళ్ళినది హంసయే కదా! ఒకనాడు ఎనిమిదవ తరగతిలో హంస నడకను వర్ణించు పద్యమునకు అర్థము చెప్పుచుండగా ఒక బాలిక లేచి, "మాస్టరుగారూ, మీరు హంసను చూచితిరా?" అని అడిగెను. నేను క్షణకాలము మిన్నకుంటిని. చూడలేదని చెప్పితిని. తరగతియంతయు నవ్వెను. నాకును నవ్వు వచ్చెను గాని, లోపల చిన్న ములుకు నాటుకొనెను. చూడని పక్షి నడకను పదునైదేండ్లుగా వర్ణించుచున్నాను గదా యనిపించెను.

కావ్యములలోని హంస ఏ పక్షియో పండితులలో భిన్నాభిప్రాయములు కలవు. అయితే, రాజహంసమని కొందరు పిలుచు ఫ్లెమింగో పక్షులు శీతకాలమున పులికాట్ సరస్సునకు వచ్చునని వినియుంటిని. పులికాట్ మన దేశమున చిలుక సరస్సు తరువాత రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు. సూళ్ళూరుపేట నుండి రాకెట్లను ప్రయోగించు శ్రీహరికోటకు పోవు దారి ఆ సరస్సు మధ్యగా సాగును. ఆ దారిపై నిలిచి చూచిన పక్షులు కనబడునని తెలిసినవారు చెప్పిరి. దానికి సమీపమున, దొరవారిసత్రము చెంత, నేలపట్టు అను గ్రామమున గూడబాతులు గూళ్ళు కట్టుకొను చెరువు కలదు. ఈ రెండు చోట్లకును పిల్లలను తీసికొనిపోవలెనని నిశ్చయించితిని.

పక్షులు దారికి చాల దూరమున ఉండును. దుర్భిణి లేనిదే వెళ్ళుట వృథా యని ఒకరు హెచ్చరించిరి. తరగతిలో ముప్పది మంది పిల్లలు. తలకు ఇరువది రూపాయల చొప్పున పోగుచేసిరి. కూలి పనికి పోవు తల్లులు కొందరు ఆ ఇరువది రూపాయలను రెండు విడతలుగా పంపిరి. నేను నాలుగు వందలు చేర్చితిని. వేయి రూపాయలతో పట్టణమునకు పోయి, ఒక దుకాణమున దుర్భిణులు చూపుమంటిని.

ఆ దుకాణదారుడు రెండు దుర్భిణులను నా ముందుంచెను. ఒక దానిపై 8×30 అనియు, రెండవ దానిపై 20×50 అనియు వ్రాసియుండెను. "ఇది ఎనిమిది రెట్లు చూపును. అది ఇరువది రెట్లు చూపును. వెల రెండింటికిని ఒకటే" అని అతడు చెప్పెను. రెండవ దాని ముందుకటకములు మాణిక్యములవలె ఎర్రగా మెరయుచుండెను. ఎనిమిది కంటె ఇరువది పెద్దది. ముప్పది కంటె ఏబది పెద్దది. పిల్లల ధనమునకు ఎక్కువ ప్రతిఫలము రావలెనని తలచి, మరొక ప్రశ్నయైన వేయక ఇరువది రెట్ల దానిని కొని తెచ్చితిని. దుకాణదారుని నేను తప్పుపట్టను. అడుగవలసిన ప్రశ్నలు నాకు తెలియకపోవుట నా తప్పు.

1998 జనవరి మాసమున ఒక ఉదయము మేము సరస్సు చేరితిమి. అప్పటికే ప్రొద్దెక్కినది. నీటి నడుమ, బహుదూరమున, తెలుపు గులాబి వన్నెలు కలిసిన సన్నని గీత యొకటి కనబడుచుండెను. అవియే ఫ్లెమింగోలు. పిల్లలు వరుసలో నిలిచిరి. ఒక్కొక్కరికి ఒక్కొక్క నిమిషము దుర్భిణి నిచ్చితిని. చూచిన ప్రతివానిని "ఏమి చూచితివి?" అని అడిగితిని. "హంసలను చూచితిని" అని మొదటివాడు చెప్పెను. రెండవవాడును అట్లే చెప్పెను. ముప్పది మందియు అట్లే చెప్పిరి. వారిలో దళసరి కండ్లద్దములు ధరించు ఒక బాలుడు ఉండెను. వాడు దుర్భిణిని కండ్లద్దములపై ఆనించి, తీసి, మరల ఆనించి, నిమిషము ముగియగానే నా చేతికిచ్చి, "చూచితిని, మాస్టరుగారూ" అని తల వంచుకొని పోయెను.

చివరకు నేను చూచితిని. ఏమి కనబడెను? బొమ్మ వణకుచుండెను. పక్షుల గుంపును పట్టుకొనుటకే అర నిమిషము పట్టెను. పట్టుకొన్న పిమ్మట నీటిపై లేచు ఎండ ఆవిరిలో గులాబి మరకలు గాలికి ఊగు బట్టలవలె కదలుచుండెను. అది కాలో, మెడయో, ముక్కో తెలియలేదు. పిల్లలందరు నా ముఖమునే చూచుచుండిరి. "చాల బాగున్నవి" అంటిని.

మధ్యాహ్నము దాటిన పిమ్మట నేలపట్టు చేరితిమి. అక్కడ చెరువులోని చెట్లపై గూడబాతులు గూళ్ళు కట్టుకొని పిల్లలను పెంచుచుండెను. మమ్ములను తీసికొనిపోయిన అటవీశాఖ కావలివాని మెడలో పాత దుర్భిణి యొకటి వ్రేలాడుచుండెను. దాని నలుపు రంగు అక్కడక్కడ లేచిపోయి ఇత్తడి బయటపడినది. దానిపై 8×30 అను అంకెలుండెను. నేను దుకాణమున కాదన్న సంఖ్యయే!

కండ్లద్దముల బాలుడు వెనుక నిలిచియుండుట చూచి ఆ కావలివాడు వానిని పిలిచెను. "నాయనా, ఈ పాత దానికి కండ్లద్దములు పడవు. అద్దములు తీసి చూడుము. ఈ నడిమి చక్రమును మెల్లగా త్రిప్పుచు పొమ్ము. స్పష్టముగా కనబడగానే ఆపుము" అని చెప్పెను. బాలుడు అట్లే చేసెను. కొంతసేపు ఏమియు పలుకలేదు. మేము తొందరపెట్టలేదు. అంతట వాడు బిగ్గరగా, "మాస్టరుగారూ! దాని ముక్కుమీద వరుసగా చుక్కలున్నవి! పిల్ల తల నంతను తల్లి నోటిలో దూర్చి తినుచున్నది!" అని కేక వేసెను.

ఆ చుక్కల మాట వానికి ఎవరును చెప్పియుండలేదు. నాకే తెలియదు. కావలివాడు నవ్వి, "నిజమే. ఆ చుక్కలనుబట్టియే దీనికి చుక్కల ముక్కు గూడబాతు అని పేరు" అనెను.

బాలుడు దుర్భిణిని దించి నా వైపు తిరిగెను. వాని కన్నులలో నీరు తిరుగుచుండెను. "ఉదయము నేనేమియు చూడలేదు, మాస్టరుగారూ. నల్లని వలయములో చిన్న వెలుగు చుక్క మాత్రమే కనబడినది. అందరును చూచితిమనుచుండగా నాకొక్కనికే కనబడలేదని చెప్పుటకు సిగ్గుపడి అబద్ధమాడితిని" అనెను.

నేను ఆ మాటకు వెంటనే బదులు చెప్పలేకపోతిని. పిమ్మట పిల్లలందరిని దగ్గరకు పిలిచి, "ఉదయము నాకును పక్షి ముక్కైనను కనబడలేదు. బాగున్నవని మీతో చెప్పితిని. అది తప్పు. నిజముగా చూచినవారెందరు?" అని అడిగితిని. పైకి లేచిన చేతులు నాలుగు. ఇరువదియారుగురు బాలబాలికలచేత ఆ దినమున అసత్యమాడించినది నేను కొన్న దుర్భిణి. దాని కంటె ముందుగా, పెద్ద సంఖ్యకు లోబడిన నా తెలివిమాలినతనము.

నాటి నుండి దుర్భిణులను గూర్చి తెలిసికొన మొదలిడితిని. తెలిసికొన్నది వరుసగా చెప్పెదను.

ముందుగా దాని పుట్టుక. హాలెండు దేశమున కండ్లద్దములు చేయు హాన్స్ లిపర్షే యను నతడు 1608లో దూరపు వస్తువులను దగ్గరగా చూపు గొట్టమునకు తనకు హక్కు పత్రము నిమ్మని ప్రభుత్వమును కోరెను. రెండు కన్నులతో చూచుటకు వీలైన దానిని కూడ చేయుమని అక్కడివారు ఆనాడే అతనిని అడిగిరి. గొట్టము పొడవైనకొలది చేతబట్టుట కష్టము. ఈ చిక్కును తీర్చుటకు ఇటలీ దేశీయుడైన ఇగ్నాజియో పోర్రో 1854లో గాజు పట్టకములను అమర్చు పద్ధతిని కనుగొనెను. వెలుగు పట్టకములలో మలుపులు తిరిగి పోవుటచే గొట్టము పొట్టిదైనను చాలును. పట్టకములు లేనిచో తలక్రిందుగా ఏర్పడు బొమ్మను అవియే నిటారుగా నిలుపును. జర్మనీలోని జైస్ కర్మాగారమున ఎర్నెస్ట్ అబ్బె పర్యవేక్షణలో 1894లో పట్టకముల దుర్భిణులు అమ్మకమునకు వచ్చెను.

ఇక అంకెల సంగతి. ప్రతి దుర్భిణిపైనను రెండు సంఖ్యలుండును. 8×42 అని యున్నచో, మొదటి సంఖ్య అది ఎన్ని రెట్లు చూపునో తెలుపును. నూట అరువది మీటర్ల దూరమున ఉన్న పక్షి ఎనిమిది రెట్ల దుర్భిణిలో ఇరువది మీటర్ల దూరమున ఉన్నట్లు కనబడును. రెండవ సంఖ్య ముందుకటకము వ్యాసమును మిల్లీమీటర్లలో తెలుపును. రెండు సంఖ్యలును పెద్దవైన దుర్భిణి గొప్పదని తలచుట అందరు చేయు పొరబాటే.

ఏలన, దుర్భిణి పక్షిని మాత్రమే పెద్దది చేయదు. మన చేతి వణకును కూడ అన్ని రెట్లు పెద్దది చేయును. మనుష్యుని చేయి ఎంత నిలుకడగా నున్నను కొంచెము కదలుచునే యుండును. ఎనిమిది రెట్ల వరకు ఆ కదలిక బాధింపదు. పది రెట్ల వద్ద కొందరికి బాధించును. ఇరువది రెట్ల దుర్భిణికి మూడు కాళ్ళ పీట వంటి ఆధారము లేనిదే బొమ్మ నిలువదు. నీటిపై లేచు ఎండ ఆవిరిని కూడ అది ఇరువది రెట్లు చేసి చూపును. ఆ ఆవిరిని ఎంత వెలగల దుర్భిణియు జయింపలేదు. వేకువజామున పోయి చూచుటయే దానికి మందు.

రెండవది వెలుగు. ముందుకటకము ఎంత పెద్దదైన అంత ఎక్కువ వెలుగు లోనికి వచ్చును. వ్యాసము రెట్టింపైనచో వైశాల్యము నాలుగింతలగునని మీరు గణితమున చదివియుందురు. కావున 42 మిల్లీమీటర్ల కటకము 21 మిల్లీమీటర్ల కటకము కంటె నాలుగు రెట్లు వెలుగును గ్రహించును. అయితే ఆ వెలుగు మన కంటిలో ప్రవేశింపవలెను గదా! దుర్భిణిని చేయి చాచి పట్టుకొని, ఆకాశము వైపు చూపి, కంటికటకమును గమనించుడు. అందులో చిన్న వెలుగుబిళ్ళ కనబడును. దాని వ్యాసము ఎంతయో లెక్కింపవచ్చును. రెండవ సంఖ్యను మొదటి సంఖ్యతో భాగింపుడు. 8×42 అయినచో 42ను 8తో భాగింపగా 5.25 మిల్లీమీటర్లు. 8×30 అయినచో 3.75 మిల్లీమీటర్లు. మేము కొన్న 20×50 అయినచో 2.5 మిల్లీమీటర్లు మాత్రమే.

మన కంటిపాప మంచి ఎండలో రెండు మూడు మిల్లీమీటర్లు ఉండును. చీకటిలో విప్పారి, యువకులలో ఏడు మిల్లీమీటర్ల వరకు పెరుగును. వయసు ముదిరినకొలది అంతగా విప్పారదు. వెలుగుబిళ్ళ కంటిపాప కంటె చిన్నదైనచో దృశ్యము మసకబారును. పట్టపగలు చిన్న వెలుగుబిళ్ళయు చాలును. కాని పక్షులు సంచరించునది వేకువను, సాయంకాలమును. అప్పుడు నాలుగైదు మిల్లీమీటర్ల బిళ్ళ మేలు. అదియును గాక, వెలుగుబిళ్ళ పెద్దదైనచో కన్ను కొంచెము అటునిటు కదలినను దృశ్యము తప్పిపోదు. ఊగుచుండు ఓడపై నిలిచి చూచు నావికులు 7×50 దుర్భిణిని ఎన్నుకొనుటకు ఇదియే కారణము. దాని వెలుగుబిళ్ళ ఏడు మిల్లీమీటర్లకు పైబడియుండును.

మూడవది దృష్టిక్షేత్రము. దుర్భిణిలో ఒక్కసారి కనబడు ప్రదేశముయొక్క వెడల్పునకు ఇది పేరు. వేయి మీటర్ల దూరమున ఇన్ని మీటర్లు కనబడునని దుర్భిణిపైననో, దానితో వచ్చు కాగితముపైననో వ్రాసియుండును. మంచి ఎనిమిది రెట్ల దుర్భిణిలో 120 నుండి 140 మీటర్ల వరకు కనబడును. ఇరువది రెట్ల దానిలో అందులో సగమును కనబడుట అరుదు. ఎగురుచున్న పక్షిని ఇరుకైన క్షేత్రములో పట్టుకొనుట సూది బెజ్జములో నుండి గాలిపటమును వెదకుట వంటిది.

నాలుగవది కండ్లద్దములు ధరించువారి సంగతి. మా బాలునికి నల్లని వలయము మాత్రమే కనబడుటకు కారణము చాల కాలమునకు నాకు తెలిసినది. కన్నును కంటికటకమునకు కొంత నిర్ణీత దూరములో ఉంచినగాని దృశ్యమంతయు కనబడదు. కొన్ని దుర్భిణులలో ఆ దూరము పది మిల్లీమీటర్ల కంటె తక్కువగా ఉండును. కండ్లద్దములు అడ్డు వచ్చుటచే కన్ను అంత దగ్గరకు పోలేదు. అద్దములు ధరించువారు ఈ దూరము కనీసము పదునైదు మిల్లీమీటర్లు గల దుర్భిణిని అడిగి తీసికొనవలెను. కంటికటకముల చుట్టునుండు రబ్బరు దొప్పలను క్రిందికి మడచుటకో, త్రిప్పి దించుటకో వీలుండవలెను. దూరపు వస్తువులు మాత్రమే కనబడని హ్రస్వదృష్టి గలవారు చాలవరకు అద్దములు తీసి, చక్రమును త్రిప్పి చూడవచ్చును. నేలపట్టులో జరిగినది అదియే.

ఐదవది గాజుపై పూత. పూతలేని గాజు, తన ఒక్కొక్క ముఖమువద్ద నూటికి నాలుగు పాళ్ళ వెలుగును వెనుకకు త్రిప్పివేయును. అట్టి ముఖములు పది యున్నచో సుమారు మూడవ వంతు వెలుగు దారిలోనే పోవును. దీనిని తగ్గించు పలుచని పూతను జైస్ సంస్థలో పనిచేసిన అలెగ్జాండర్ స్మకులా 1935లో కనుగొనెను. మంచి పూత గల కటకమును దీపమునకు ఎదురుగా పట్టి చూచిన, దీపపు ప్రతిబింబములు మందముగా, ఆకుపచ్చగానో ఊదాగానో కనబడును. అద్దము వలె ఎర్రగా తళతళలాడు కటకము కంటికి ఇంపుగా నుండునే గాని, ఆ మెరపు నంతయు మనకు రావలసిన వెలుగు నుండియే తీసివేయుచున్నది. మాణిక్యము వలె నున్నదని నేను మురిసిన ఎరుపు అదియే.

ఆరవది కట్టడము. దుర్భిణులు రెండు రకములు. పోర్రో పట్టకముల దుర్భిణికి భుజములు వెడల్పుగా, ముందుకటకములు కంటికటకముల కంటె ఎడముగా నుండును. రెండవ రకపు పట్టకముల దుర్భిణి గొట్టములు తిన్నగా, సన్నగా ఉండును. తక్కువ వెలలో మొదటి రకమే సాధారణముగా ఎక్కువ స్పష్టముగా చూపును. రెండవ రకము పట్టుటకు అనువైనది. నీరు చొరకుండ మూయుట దానిలో సులభము. లోపల నత్రజని వాయువును నింపి మూసిన దుర్భిణిలో ఆవిరి పట్టదు, బూజు పెరుగుట అరుదు. సముద్రతీరమున నివసించువారు ఈ గుణమునకు కొంత ఎక్కువ వెల యిచ్చినను నష్టము లేదు. బరువును కూడ చూడుడు. సాధారణమైన 8×42 దుర్భిణి ముప్పాతిక కిలోకు అటునిటు తూగును. మెడలో నాలుగు గంటలు మోయలేని దుర్భిణి ఇంటిలోనే ఉండిపోవును.

రెట్లను ఇష్టము వచ్చినట్లు పెంచుకొనుటకు వీలుగా చేసిన దుర్భిణులును అంగళ్ళలో కలవు. చవుక ధరలో దొరకు అట్టివానిలో క్షేత్రము ఇరుకు, బొమ్మ మసక. చేతబట్టు చిన్న దుర్భిణిపై అరువది, నూరు అని వ్రాసియున్నచో ఆ సంఖ్యను నమ్మకుడు. ముందుకటకమును కొలబద్దతో కొలిచి, వెలుగుబిళ్ళను కొలిచి, మొదటిదానిని రెండవదానితో భాగించినచో నిజమైన రెట్లు తెలియును. లెక్క అబద్ధమాడదు.

ఇప్పుడు దుకాణమున చేయవలసిన పరీక్షలు. దుర్భిణిని దుకాణము లోపల చూడక, అడిగి వెలుపలికి తెచ్చి చూడుడు. మొదట రెండు గొట్టములను మీ కన్నుల ఎడమునకు సరిపోవునట్లు దగ్గరకో దూరమునకో మడచుడు. రెండు వలయములు కలిసి ఒకే వలయము కావలెను. పిమ్మట కుడి కన్ను మూసి, ఎడమ కంటితో చూచుచు నడిమి చక్రమును త్రిప్పి స్పష్టము చేసికొనుడు. తరువాత ఎడమ కన్ను మూసి, కుడి కంటికటకము వద్దనున్న ఉంగరమును త్రిప్పి స్పష్టము చేసికొనుడు. ఇక మీదట నడిమి చక్రము నొక్కదానినే త్రిప్పిన చాలును.

అంతట దూరముననున్న అంగడి పేరుపలకను చదువుడు. నడిమి అక్షరములతో పాటు అంచుననున్న అక్షరములును చాలవరకు స్పష్టముగా నుండవలెను. తెల్లని ఆకాశము ముందర తీగపై కూర్చున్న కాకిని చూడుడు. దాని చుట్టు ఊదా, పచ్చ అంచులు దట్టముగా కనబడినచో కటకములు మంచివి కావు. వెలుగుబిళ్ళ గుండ్రముగా నున్నదో, అంచులు కోసినట్లున్నదో పరికింపుడు; కోసినట్లుండుట పట్టకపు గాజు చవుకదనుటకు గుర్తు. కడపట ఐదు నిమిషములు విడువక చూడుడు. ఒక వస్తువు రెండుగా తోచినను, కన్నులు గుంజినను, తల నొచ్చినను ఆ దుర్భిణి గొట్టములు ఒకదానికొకటి తిన్నగా లేవని గ్రహించి విడిచిపెట్టుడు.

కొన్న పిమ్మట జాగ్రత్తలును ముఖ్యమే. దుర్భిణితో సూర్యుని ఎన్నడును చూడకుడు. క్షణమాత్రమైనను చూడకుడు. కన్ను శాశ్వతముగా పోవును. కటకముపై దుమ్ము పడినచో మొదట ఊదియో, మెత్తని కుంచెతోనో తీసి, పిమ్మటనే శుభ్రమైన మెత్తని బట్టతో తుడువుడు. పంచె కొంగుతో రుద్దినచో ఇసుక రేణువులు పూతను గీరివేయును. వానకాలమున మూసిన తోలు సంచిలో నెలల తరబడి ఉంచినచో లోపల బూజు పట్టును. తేమను పీల్చు సిలికా జెల్ పొట్లములను డబ్బాలో వేసి అందుంచుట మంచిది. ఇక పక్షుల చెంత నడవడి. దుర్భిణి యున్నది దూరముననే నిలిచియుండుటకు. గూటి దగ్గరకు పోకుడు, కేకలు వేయకుడు, ఎగురగొట్టుటకు రాళ్ళు విసరకుడు. బెదరిన తల్లి గూడు విడిచినచో పిల్లలు ఎండకు, కాకులకు పాలగును.

2003లో మా పాఠశాలకు రెండవ దుర్భిణి కొంటిమి. ఈసారి పిల్లలే లెక్కలు వేసిరి. ముగ్గురు పిల్లలను వెంటబెట్టుకొని పోయితిని. వారిలో ఒకరు కండ్లద్దములు ధరించువారు కావలెనని నియమము పెట్టితిని. నాలుగింటిని వీధిలో పరీక్షించి 8×42 దానిని ఏరుకొంటిమి. ఆ ఏడు పులికాట్ చెంతకు సూర్యోదయమునకు ముందే చేరితిమి. అప్పుడు నిజముగా చూచితిమి. పొడవైన గులాబి కాళ్ళు. మెడ వంచి, తల తలక్రిందు చేసి, వంపు తిరిగిన ముక్కును నీటిలో అటునిటు ఆడించుచు మేత వడగట్టుకొను తీరు. గులాబి ముక్కు, దాని కొన నలుపు. కావ్యములలోని హంస అదియే యని నేను చెప్పను. కాని, "మాస్టరుగారూ, మీరు చూచితిరా?" అని ఎవరైన అడిగినచో తడుముకొనక బదులు చెప్పగల పక్షి యొకటి నాకు దొరకినది.

మొదటి దుర్భిణిని పారవేయలేదు. నేను ప్రధానోపాధ్యాయుడనై పదవి విరమించు వరకు అది నా బల్లపైననే యుండెను. ప్రతి సంవత్సరము విహారయాత్రకు ముందు రెండు దుర్భిణులను తరగతికి తీసికొనిపోయి, రెండింటిలోను చూపి, ఈ కథ చెప్పుచుంటిని. పక్షులను వ్రాసికొను పుస్తకమున ఒక నియమమును చేర్చితిమి. కనబడినది వ్రాయవలెను. కనబడనిచో "చూడలేదు" అని వ్రాయవలెను. అట్లు వ్రాసినవారికి దుర్భిణి మరొక నిమిషము ఇయ్యబడును.

బాలబాలికలారా! సాధనము గొప్పదని పదిమంది చెప్పినను, మీ కంటికి కనబడనిచో కనబడలేదని చెప్పుడు. లోపము మీ కంటిలో నున్నదో, సాధనములో నున్నదో, దానిని తెచ్చినవానిలో నున్నదో అప్పుడే తెలియును. మా తరగతిలో ఆ మాట మొదట పలికినవాడు కండ్లద్దముల బాలుడు. గూడబాతు ముక్కుమీది చుక్కలను మొదట చూచినవాడును వాడే.

ప్రశ్నలు

1. రచయిత మొదటి దుర్భిణిని ఎన్నుకొనుటలో చేసిన పొరబాటు ఏది?
2. 10×50, 8×21 దుర్భిణుల వెలుగుబిళ్ళల వ్యాసములను లెక్కింపుడు. వేకువజామున ఏది మేలు? ఏల?
3. ఉదయము కండ్లద్దముల బాలునికి నల్లని వలయము మాత్రమే కనబడుటకు కారణమేమి?
4. "లెక్క అబద్ధమాడదు" అని రచయిత ఏ సందర్భమున చెప్పెను?
5. పనికిరాని దుర్భిణిని రచయిత పారవేయకుండుటకు కారణమేమై యుండును? మీ మాటలలో వ్రాయుడు.